మన ధ్యానం చర్చిలోకి వెళ్తే మనం గెలిచినట్టా?

విదేశాల్లో చర్చిల్లో కూడా యోగా, మంత్రధ్యానం చేయిస్తున్నారని వింటే మనకి భలే గర్వం. "చూశావా, చివరికి మన దారికే వచ్చారు" అని, క్రైస్తవం తీసుకున్న నా ఫ్రెండ్‌తో నేనూ అన్నాను. వాడు నవ్వలేదు. "ఈ నమ్మకం కోసం మా అమ్మ నాతో రెండేళ్ళు మాట్లాడకపోయినా ఓర్చుకున్నాను రా. ఇప్పుడు అందులోనే అన్నీ కలిపేస్తుంటే భయమేస్తోంది" అన్నాడు.

మొదట నాకు కోపం వచ్చింది. కానీ ఈ భయం వాడొక్కడిదే కాదు. 1989లో వాటికన్ కూడా తూర్పుదేశాల ధ్యాన పద్ధతుల విషయంలో జాగ్రత్త అవసరమని బిషప్పులకు లేఖ రాసింది. వాటిని పూర్తిగా కాదనలేదు.

నిజానికి "యోగా అంటే ఉత్త ఎక్సర్‌సైజే" అనేవాళ్ళ కన్నా, దాని వెనక ఒక దర్శనం ఉందని జంకే నా ఫ్రెండే దాన్ని ఎక్కువ గౌరవించాడు. మన హారతి చర్చిలో కనిపిస్తే మన మనసూ చివుక్కుమంటుంది కదా!

1950లలో మలయాలో జాన్ మెయిన్ అనే క్రైస్తవుడు స్వామి సత్యానంద దగ్గర ధ్యానం నేర్చుకున్నాడు. స్వామీజీ ఆయన్ని మతం మారమనలేదు. క్రైస్తవ మంత్రాన్నే జపించమన్నారు. ఆయన తర్వాత బెనెడిక్టైన్ సన్యాసి అయ్యాడు.

అడిగినవాడికి ఇవ్వడం మన ధర్మం. వద్దన్నవాడి మాట వినడమూ ధర్మమే. అందులో గెలుపోటములు ఎందుకు? వాడికి ఫోన్ చేసి సారీ చెప్పాను.

హరిః ఓం.