నచికేతుడు వలదన్న రథము

లండను నగరమున దక్షిణ కెన్సింగ్టన్ ప్రాంతమునందు పెద్ద భవనముల వెనుక రాళ్ళు పరచిన సన్నని సందులు కొన్ని కలవు. వానిని అచ్చటివారు మ్యూసులందురు. ఒకప్పుడు ముందు వీధిలోని సంపన్నుల గుఱ్ఱములును బండ్లును ఈ వెనుక సందులలో ఉండెడివి. క్రింద గుఱ్ఱపుసాలలు, పైన వానిని కాచువారి గదులు. గుఱ్ఱముల కాలము గడచిపోయినది. ఆ సాలలలో కొన్నింట నేడు అపురూపములైన పాత స్పోర్ట్స్ కార్లను అమ్ము వర్తకులున్నారు. అట్టి కారును కొనగల స్తోమత నాకు లేదు, ఈ జన్మమున కలుగునన్న ఆశయు లేదు. అయినను బాల్యమునుండి పత్రికల బొమ్మలలో మాత్రమే చూచుచు వచ్చిన కారొకటి అచ్చట నిలిచియున్నదని తెలిసి, చినుకులు పడుచున్న ఒక ఉదయమున, గుడికి పోవువాడు ఎట్లు పోవునో అట్లే స్నానము చేసి, ఉతికిన బట్టలు తొడుగుకొని, ఆ సందున అడుగుపెట్టితిని.

ఆ కారు ఫెరారీ ఎఫ్40. ఎంజో ఫెరారీ తన పేరు గల మొదటి కారును 1947లో నడిపించెను. దానికి నలువది యేండ్లు నిండిన గుర్తుగా 1987లో ఇది వెలువడినది. ఆయన జీవించియుండగా వెలువడిన కడపటి క్రొత్త కారు ఇదే. మరుసటి యేడు ఆగస్టులో, తొంబదేండ్ల వయసున, ఆయన కన్నుమూసెను. మూడు లీటర్లకు కొంచెము తక్కువైన ఇంజను, దానికి రెండు టర్బోలు, 478 అశ్వశక్తి, గంటకు 324 కిలోమీటర్ల వేగము: ఈ అంకెలు నాకు చిన్ననాటనే ఎక్కముల వలె కంఠస్థములు. అంకెలు తెలుపనిది దగ్గర నిలిచినపుడు తెలిసినది. లోపల తివాచీ లేదు, రేడియో లేదు. లోపలినుండి తలుపు తీయుటకు పిడికి మారుగా ఒక త్రాడు. పెడళ్ళకు సైతము బరువు తగ్గుటకై తూట్లు పొడిచినారు. కార్బను నారతోను కెవ్లారుతోను నేసిన ఒంటిపై ఎఱ్ఱరంగు ఎంత పలుచగా పూయబడినదనగా, ఆ రంగు క్రింద నేతపోగులు లీలగా కనబడుచుండెను. వేగమునకు అక్కఱలేనిదెల్ల విడిచి, విడిచి, చివరకు పదునొకండువందల కిలోల దరికి దించిన ఆ రూపము, లోకము విలాసమని పిలుచునదైనను, నా కన్నులకు ఎముకలు తేలిన తపస్వి వలె కనబడినది. త్యాగముచేతనే భోగమును నేర్పిన ఈశావాస్యోపనిషత్తు ఋషి ఈ యంత్రమును చూచియుండినచో ఏమనియుండునో యని ఒక క్షణము తోచినది.

దాని చుట్టును రెండుమార్లు తిరిగితిని. ఆ దుకాణపు యజమాని వృద్ధుడు. నేను కొనువాడను కానని నా తీరు చూచియే గ్రహించియుండును. అయినను లేచి వచ్చి, తానే తలుపు తెఱచి, లోపల కూర్చుండుమని చేయి చూపెను. కూర్చుంటిని. స్టీరింగును చేత పట్టితిని. అంతవఱకు నా మనస్సున ఆశ్చర్యము తప్ప మఱియొకటి లేదు. చేయి తగిలిన ఆ క్షణమున, ఇది నాదైన ఎంత బాగుండునను తలపు పడగ విప్పి లేచినది. దాని వెంటనే, నాది కాదు గదా అను దిగులు. దాచక చెప్పుచున్నాను: రెండు నిమిషములకు ముందు నాకు నిండుగా దక్కియుండిన ఆనందము ఆ తలపుతో సగమైనది. కారు మాఱలేదు, కన్నులు మాఱలేదు. నడుమ చేరినది నాదను మాట యొక్కటే. అయినచో సుందరమైన వస్తువును కోరక ప్రేమించుట మానవునకు సాధ్యమా? లేక అట్టి ప్రేమ యనునది అందని ద్రాక్షపండ్లకు మనము తొడిగిన శాస్త్రపు ముసుగు మాత్రమేనా?

ఈ ప్రశ్నతో పెనగుచు బయటికి వచ్చిన నాకు కఠోపనిషత్తు తలపునకు వచ్చినది. మృత్యువునకు పిమ్మట ఏమున్నదో చెప్పుమని బాలుడైన నచికేతుడడుగగా, యముడు ఆ ప్రశ్నను తప్పింపజూచి, నూఱేండ్లు బ్రతుకు కొడుకులను మనుమలను, ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును, రథములపై నెక్కిన అప్సరసలను ఇచ్చెదననెను. బాలుడు ఆ వాహనములు నీయొద్దనే యుండనిమ్మనెను. చిన్ననాడు మా ఊరి పురాణకాలక్షేపమున ఈ కథ విన్నపుడు నచికేతుడు రథములను అసహ్యించుకొనెనని అనుకొంటిని. ఇపుడట్లు తోచదు. అవి రేపటికి నిలువవనియు, ఇంద్రియముల తేజమును హరించుననియు అతడనెనే గాని, రథము వికారమైనదని గాని, దానిని చేసినవాని చేతిపని తక్కువదని గాని అనలేదు.

అంతకంటె వింతయైనది మఱియొకటి కలదు. దానిని పలువురు గమనింపక దాటిపోవుదురు. ఏ బాలుడు రథమును వలదనెనో ఆ బాలునికే, అదే ఉపనిషత్తున మూడవ వల్లియందు, యముడు ఆత్మతత్త్వమును రథముతోనే బోధించెను: శరీరము రథము, ఆత్మ రథికుడు, బుద్ధి సారథి, మనస్సు పగ్గము, ఇంద్రియములు గుఱ్ఱములు. సొత్తుగా త్రోసివేయబడిన రథము విద్యగా తిరిగి వచ్చినది. పగ్గము బిగి ఎట్టిదో, మదించిన గుఱ్ఱము దారి తప్పించునపుడు సారథి భుజములు ఎట్లు నొచ్చునో ఎఱుగనివానికి ఆ ఉపమానము పైపైన తాకి పోవును గాని లోనికి దిగదు. రథమును శ్రద్ధతో చూచినవాడు మాత్రమే ఆ పాఠమునకు అర్హుడని నా విశ్వాసము.

కాశ్మీరదేశపు ఆలంకారికులైన భట్టనాయకుడును, సుమారు వేయేండ్ల క్రిందటి అభినవగుప్తుడును రసాస్వాదమునుగూర్చి చెప్పినది ఇచ్చట నాకు తోడైనది. రంగస్థలముపై శకుంతలను చూచు ప్రేక్షకుడు ఆమెను తన భార్యగా కోరడు, పరుని భార్యయని తొలగడు. నాది, పరునిది అను ఎల్లలు కరగినపుడే రసము పుట్టునని వారి సిద్ధాంతము. దానికి సాధారణీకరణమని పేరు. ఆ తలుపు తెఱచుకొనుటకు ముందు నేను ప్రేక్షకుడను. స్టీరింగు పట్టిన పిదప బేరగాడనైతిని. కనుక కోరిక లేని ప్రేమ సాధ్యమే, ఆ రెండు నిమిషములు దానిని నేను ఎఱుగుదును. అది నిలుచుట మాత్రము కష్టము.

సొంతము చేసికొన్నవారి మాట ఏమి? ఎఫ్40లు పదుమూడువందలకు పైగా తయారైనవి. వానిలో ఎన్నియో వెల పెరుగుట కొఱకు చీకటి గదులలో గుడ్డ కప్పుకొని నిలిచియున్నవి. ఈ కార్లలో పెక్కింటి పెట్రోలు తొట్లు విమానములలో వాడు రబ్బరు సంచుల వంటివి. కారు నడచినను నడువకున్నను అవి కాలక్రమమున చెడును, మార్చవలసినదే. దాచిపెట్టిన వస్తువు దాచినవానికి కూడ దక్కదను మాటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఇందుకు భిన్నముగా, మా కోనసీమలో, గోదావరి సముద్రమున కలియు అంతర్వేదిలో, భీష్మైకాదశినాడు లక్ష్మీనరసింహస్వామి రథోత్సవము జరుగును. చిన్ననాడు నేనును ఆ రథపు మోకు పట్టితిని. ఆ రథము నాదని అన్నవాడు లేడు. మాదని అననివాడు లేడు. 2020 సెప్టెంబరులో ఒక రాత్రి ఆ పాత రథము కాలిపోయినపుడు, దానిలో మేకు మాత్రమైన సొంతము లేని మా ఇంటివారు చావు జరిగిన ఇంటివారివలె కూర్చుండిరి. మరుసటి ఫిబ్రవరికి క్రొత్త రథము కదలినది.

ఇట్టి కార్లు గలవారికి నా విన్నప మొక్కటి. ఆదివారము తెల్లవారుజామున గుడ్డ తొలగించి, దానిని వీధిలోనికి నడిపి తెండు. దారిప్రక్కన ఎవడైన బాలుడు కదలక నిలిచి చూచుచుండినచో, ఆ వృద్ధుడు నాకు చేసినట్లు, ఆపి ఒక్కమారు తలుపు తెఱచి చూపుడు.