క్రేతులో విడువబడిన తీతు

(చదువవలసిన భాగము: తీతు 1:5–9)



అపొస్తలుల కార్యముల గ్రంథమును మొదటినుండి తుదివరకు చదివినను తీతు పేరు మీకు కనబడదు. తిమోతిని, సీలను, బర్నబాను పేరుపేరున చెప్పిన లూకా ఇతనిని గూర్చి ఒక్క మాటయైనను వ్రాయలేదు. అయితే పౌలు పత్రికలను తెరచి చూడుడి. పని ఎక్కడ కష్టముగా నున్నదో అక్కడ తీతు ఉన్నాడు.

ఇతడు గ్రీసు దేశస్థుడు. పౌలు బర్నబాలు ఇతనిని యెరూషలేమునకు వెంటబెట్టుకొని పోయిరి. సున్నతి పొందని అన్యజనుడు సంఘములో సరిసమానుడగునా అను వాదము అక్కడ నడిచినప్పుడు, సున్నతి లేకయే నిలిచిన సాక్షి తీతు (గలతీ. 2:3). తన్నుగూర్చియే పెద్దలు వాదించుచుండగా నడుమ నిలువబడుట ఎట్టిదో, మన పల్లెలలో క్రొత్తగా సంఘములో చేరినవారిని అడిగిన చెప్పుదురు.

ఆ తరువాత కొరింథు. అక్కడి సంఘములో కలహములు, కక్షలు, పౌలుమీద అపనిందలు. ఆయన కన్నీళ్లతో ఒక పత్రిక వ్రాసెను. కలహము తీర్చుటకు తీతు అక్కడికి వెళ్లెను. ఇక్కడ ఆ గొప్ప అపొస్తలుని హృదయము కొంచెము చూడుడి. త్రోయలో సువార్తకు తలుపు తెరువబడినది గాని, తీతు కనబడనందున పౌలు మనస్సుకు నెమ్మది లేదు. మంచి పని విడిచి మాసిదోనియకు పోయెను (2 కొరింథీ. 2:12, 13). అక్కడ తీతు వచ్చి, వారు పశ్చాత్తాపపడిరని చెప్పగా ప్రాణము కుదుటపడెను. పౌలంతటివాడు ఒక తోటి పనివాని రాకకై దారి చూచెనని చదువునప్పుడు నాకు ఎంతో ధైర్యము కలుగును.

పిమ్మట యెరూషలేములోని బీద విశ్వాసులకై కానుక పోగుచేయు పని పడెను. దానికి తీతు ఇష్టపూర్వకముగా బయలుదేరెను. అయితే పౌలు అతనిని ఒంటరిగా పంపలేదు. సంఘములు ఏర్పరచిన మరియొక సహోదరుని జతచేసెను. ఈ ధర్మద్రవ్యము విషయమై ఎవరును తప్పు మోపకుండవలెనని పౌలే కారణము చెప్పెను (2 కొరింథీ. 8:16–21). 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన శ్రీకాకుళము జిల్లాలో పలాస వైపు కొబ్బరి తోటలను, జీడి తోటలను కూల్చినది. అట్టి కాలమున సహాయము పంచువారిమీద అనుమానపు మాట ఎంత త్వరగా పుట్టునో ఎరుగనివారెవరు? తీతు నమ్మదగినవాడే. అయినను లెక్క ఇద్దరి చేతిలో నుండెను.

చివరకు క్రేతు. పౌలు వెళ్లిపోయెను, తీతు మిగిలెను. ఆ ద్వీపవాసులకు మంచి పేరు లేదు. ప్రతి పట్టణములో పెద్దలను నియమించి, కొరతగా నున్నవాటిని దిద్దుట అతని పని. బిషప్పు అను మాట వినగానే మన బాప్తిస్టు సంఘములలో కొందరు మొగము చిట్లింతురు. అయితే 5వ వచనములో పెద్దలన్నవారినే 7వ వచనములో అధ్యక్షుడని పౌలు పిలుచుచున్నాడు. ఆ అధ్యక్షునికి కావలసినవి కోపము, ద్రాక్షారసము, ధనాపేక్ష లేని బ్రదుకు, అతిథిప్రియత్వము. అంగీ, కిరీటముల మాట అక్కడ లేదు. తీతు క్రేతు సంఘములకు మొదటి బిషప్పని నాలుగవ శతాబ్దపు యూసేబియసు వ్రాసెను. అతనిదని చెప్పబడిన కపాలము 1669లో వెనీసుకు పోయి, 1966లో తిరిగి క్రేతుకు చేరినది.

మిగిలిపోయినవారి చేతులమీదుగానే మన సీమకును సువార్త వచ్చెను. 1805లో క్రాన్, డెగ్రాంజ్ అను ఇద్దరు మిషనరీలు విశాఖపట్టణమునకు వచ్చిరి. 1809లో ఒకరు, 1810లో ఒకరు మరణించిరి. వారు అనువదించిన సువార్తలు 1812లో సెరాంపూరులో అచ్చుపడెను. ఆ అనువాదమునకు తోడైనవాడు ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి. మిషనరీలకు తెలుగు క్రొత్త భాష. మాటకు మాట ఎవరు అందించిరో ఊహించుకొనుడి. తరువాత 1833లో కటకములో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారు 1890లో మరణించువరకు కీర్తనలు కట్టి, బోధించిరి. ఆయన కీర్తనలు నేటికిని మన ఆరాధనలలో వినబడుచున్నవి.

ఇప్పుడు ఒక పాస్టరుగారు నాలుగైదు ఊళ్లు చూచుకొను చోట్లు మనలో ఎన్నో. ఆయన రాని ఆదివారము కొన్ని మందిరముల తాళమే తీయరు. అట్టి ఊరి పెద్దలకు ఒక మనవి. ఈ నెల ఆయన రాని ఆదివారమున తాళము తీయుడి. చదువ వచ్చిన ఒకరు, పడుచువాడైనను ఆడుబిడ్డయైనను, తీతు పత్రికను గట్టిగా చదువవలెను. మూడు అధ్యాయములు, నలుబదియారు వచనములు. పావుగంట పట్టదు. మూడవ అధ్యాయము 13వ వచనమునొద్ద కొంచెము ఆగుడి. ప్రయాణమై పోవు జేనాకును అపొల్లోకును ఏమియు తక్కువ కాకుండ చూడుమని పౌలు అక్కడ తీతుకు వ్రాయుచున్నాడు. మీ పాస్టరుగారు మరల వచ్చునప్పుడు బస్సు దిగి ఎంత దూరము నడువవలెనో, ఆ రాత్రి భోజనము ఎవరి యింటనో అప్పుడే మాటలాడుకొనుడి.