కూలి లెక్కలో లేని పాట

మా నాయన కళాకారుడు. మా అమ్మ కూలి. ఇది నేనంటున్న మాట కాదు, కాయితాలు చెప్పే మాట. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకి పింఛను ఉంది. 2024 జులై నుంచి నెలకి 4,000 రూపాయలు. మా నాయనకి వస్తోంది. రావాల్సిందే. మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఏ కాయితంలో చూసినా వృత్తి దగ్గర 'వ్యవసాయ కూలి' అనే ఉంది. పత్తిచేలల్లో, మిరపచేలల్లో ముప్పై ఏళ్లు ముఠాకి పాట ఎత్తిచ్చిన మనిషి ఆమె. ఒకే ఇంట్లో తోలు మీద పడ్డ దరువు కళ ఎట్లా అయింది? గొంతులోంచి వచ్చిన పాట కూలి ఎట్లా అయింది?

డప్పుకి కూడా ఈ గౌరవం ఊరికే రాలేదు. ఊళ్లో చావొస్తే కొట్టాలి. కొలుపులొస్తే కొట్టాలి. చాటింపుకి కొట్టాలి. రానంటే కుదరదు. మా తాత తరానికి డప్పు వెట్టి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. ఊరి చాటింపుకి మోగిన డప్పు అప్పుడు మా చాటింపుకి మోగింది. దరువు అదే. ఎవరికోసం మోగుతుందన్నది మారింది. అట్లా వెట్టి కళయింది.

మరి అమ్మ పాట?

నిజామాబాద్ జిల్లాలో చిందు ఎల్లమ్మ ఉండేది. చిందు భాగవతం ఆడి మన కులాల ఆటకి పేరు తెచ్చిన తల్లి. 2005లో పోయింది. మా గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకి మారుపేరయ్యాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లని తల్చుకుంటే గుండె నిండుద్ది. వాళ్ల ఎదురుగా కూచుని చూసే జనం ఉన్నారు. మా అమ్మ ఎదురుగా ఎవరూ కూచోలేదు. ఆమె పాట విన్నవాళ్ల చేతులన్నీ పనిలోనే ఉన్నాయి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. కాలేజీలో ఒక స్నేహితుడు అడిగాడు: "పాట పాడితే పని చురుగ్గా సాగుద్ది. సాగితే లాభం ఆసామికి. అట్లాగైతే మీ అమ్మ పాట ఆసామి పాటే గదా?" నాకు కోపమొచ్చింది. కానీ అతనడిగిందాంట్లో నిజముంది. పాటగత్తె ఉన్న ముఠానే ఆసాములు ముందు పిలిచేవాళ్లు. పాటకని ఆమెకి ఒక్క రూపాయి ఎక్కువిచ్చింది లేదు.

సెలవులకి ఇంటికెళ్లి అమ్మనే అడిగాను. కాయ కోసి మంటలెత్తిన చేతులకి ఆముదం రాసుకుంటా నవ్వింది.

"ఒరే అబ్బయ్యా, సాలులో నీళ్లోసుకున్న పిల్ల ఉంటది. జొరమొచ్చిన ముసలామె ఉంటది. ఆళ్లు ఎనకబడితే ఆసామి కళ్లు ఆళ్ల మీదనే పడతయ్యి. అప్పుడు నేను పాట సాగదీసి పాడతా. పాట నిదానిస్తే అందరి చేతులూ నిదానిస్తయ్యి. అందరూ ఎనకబడితే ఎవురూ ఎనకబడనట్టే గదరా!"

పాటని పనిముట్టనుకున్నాడు ఆసామి. ఆ పనిముట్టు పిడి మా అమ్మ చేతిలో ఉంది. సాలులో అందరికంటే నీరసంగా ఉన్న మనిషిని చూసి ఆమె పాట నడక కట్టింది. ఇయ్యాల నేను సర్కారు బళ్లో పంతుల్ని. తడుముకుంటా చదివే పిల్ల ప్రతి తరగతిలో ఉంటది. పాఠం ఎవరిని చూసి నడవాలన్న ప్రశ్న నాకు రోజూ ఎదురవుద్ది. దానికి జవాబు నాకు మిరపచేలోనే దొరికింది.

అమ్మ పాట మాకు సెంటు భూమి తెచ్చిపెట్టలేదు. కూలి పెంచలేదు. కూలి పెరగాలంటే కొట్లాడాల్సిందే. ఆ పని పాట మీద పెట్టి మనం చేతులు కట్టుకోగూడదు. కానీ కొట్లాటకి ముందు మనుషులు ఒకరికొకరు కావాలి. ఆ పని పాట చేసింది.

తర్వాత మా దగ్గర పత్తి తీతకి, మిరప కోతకి కిలోల లెక్క వచ్చింది. తొడాలు తీసే పనీ బరువు లెక్కే అయింది. ఎవరి సంచి వాళ్లది. ఎవరి తూకం వాళ్లది. చేతి వేగం ఉన్నవాళ్లకి నాలుగు డబ్బులు ఎక్కువొచ్చాయి. పాట మాత్రం ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు. పక్క మనిషి కోసం చెయ్యి నిదానిస్తే కూలి తెగ్గోసుకున్నట్టే. "వంత పలికేవాళ్లేరిరా?" అనేది అమ్మ. ఘాటుకి ముక్కూ నోరూ గుడ్డతో కట్టుకుని, తొడాలు తీస్తా, ఆ గుడ్డ చాటున కూనిరాగం తీసేది. 2019లో పోయింది.

మా అమ్మని కళాకారిణి అనండి. కూలి అన్న మాట మాత్రం కొట్టెయ్యొద్దు. అది కొట్టేస్తే ఆమె పాట ఎందుకు గొప్పదో కూడా చెరిగిపోద్ది. ఫోన్లు పట్టుకుని పాటలు సేకరించడానికి మా పల్లెలకొచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. పాటతోపాటు ఆ కూలి రోజు లెక్కో కిలో లెక్కో రాసుకోండి. సాలులో ఎంతమంది ఉన్నారో రాసుకోండి. పాట ఎక్కడ నిదానించిందో వినండి. ఎవరికోసమో అడగండి.