ఈశాన్యం మూల పగిలితే

మా నరసరావుపేటలో ఇంటి గోడ పగిలితే మొదట కబురందేది వాస్తు సిద్ధాంతికి. ఆయన చెప్పిన మార్పుల కోసం ఏ గోడ కొట్టొచ్చో, ఏది కొట్టకూడదో అడగడానికి ఆ తర్వాత నన్ను పిలుస్తారు. పంచాయతీరాజ్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైనవాణ్ణి, ఫీజు అడగనని అందరికీ ధైర్యం. కాఫీ తర్వాత తాగుతానని చెప్పి నేను ముందు ఇంటి చుట్టూ బయటినుంచి తిరుగుతాను.

పునాది ఎలాగూ కంటికి కనపడదు. దాని సంగతి పైనున్న బేస్‌మట్టం, గోడ, చుట్టూ ఉన్న మట్టి చెప్పాలి. కనపడేదాన్నిబట్టి కనపడనిదాన్ని తెలుసుకోవచ్చా అన్నది మన దేశంలో చాలా పాత తగువు. కుదరదన్నారు చార్వాకులు, ప్రత్యక్షం తప్ప మరో ప్రమాణం లేదన్నారు. వాళ్ళ మాటే నిజమైతే నా ఉద్యోగమంతా దండగ. కుదురుతుందన్నారు నైయాయికులు, కానీ ఊరికే ఒప్పుకోలేదు, షరతులు పెట్టారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహాన్ని మా నాన్నగారు నాకు పట్టుబట్టి చెప్పారు. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందనడం అందరికీ తెలిసిన పాఠమే. ఉద్యోగంలో నాకు అక్కరకొచ్చింది దాని తిరగేసిన పాఠం. నిప్పు ఉంది కదా అని పొగ ఉంటుందనకూడదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే తడికట్టె తగలాలి. ఆ తడిని లెక్కలోకి తీసుకోకుండా తేల్చిన మాట చెల్లదు.

మా నల్లరేగడి విషయంలోనూ అసలు లెక్క తడిదే. “రేగడి నేల కదండీ, పగలక ఏం చేస్తుంది” అంటారు. ఆ మాట చాలదు. ఈ మట్టిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మే నెలలో చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చేది అందుకే. అయితే తడి హెచ్చుతగ్గులు లేకుండా ఉన్నచోట అదే రేగడి ఇంటిని నిబ్బరంగా మోస్తుంది. ఒక మూల నాని, ఇంకో మూల ఎండినప్పుడే గోడకు చేటు. అందుకే తడి పెద్దగా మారని లోతులో ఇంటిని నిలబెట్టాలని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవాళ్ళు అడుగున బల్బులా ఉబ్బిన అండర్‌రీమ్‌డ్ పైల్స్‌ను తీర్చిదిద్దారు. మామూలుగా మూడున్నర మీటర్లు దింపుతారు. చిన్న ఇంటికి ఆ ఖర్చు ఎవరు పెడతారు? గుంటలు తీసి ఫుటింగులు వేసి కానిచ్చేస్తారు.

నిరుడు మా వీధి చివర ఇంట్లో ఈశాన్యం మూల పగిలింది. ఇల్లంతా చావు కబురు విన్నట్టు కూర్చున్నారు. పగులు కిటికీ కింది మూలనుంచి ఇటుకల అతుకుల వెంట మెట్లుమెట్లుగా దిగింది. కింద రూపాయిబిళ్ళ అంచు దూరేంత వెడల్పు, పైకి పోయేకొద్దీ వెంట్రుకంత సన్నం. పైన వెడల్పుగా ఉంటే మూల దిగుతోందని అనుమానిస్తాను. ఇక్కడ తలకిందులుగా కింద వెడల్పు, అంటే మూల పైకి లేస్తున్నట్టుంది. వంగి చూశాను. ఇంటి చుట్టూ వేసిన సిమెంటు గచ్చు గోడనుంచి విడిపోయింది, ఆ సందులో గడ్డి పచ్చగా ఉంది, బేస్‌మట్టం మీద తెల్లగా ఉప్పు పొంగింది. నీళ్ళు ఈశాన్యానికే పారాలన్న నియమం తప్పకూడదని డాబా మీది వాన గొట్టాన్నీ బట్టలుతికే నీళ్ళనూ అటే తెచ్చారు. తెచ్చినవాళ్ళు కాలవదాకా తేలేదు. గొట్టం నేలకు జానెడు ఎత్తులో ఆగి, వచ్చిన నీళ్ళన్నీ పునాది పక్కనే పోస్తోంది. శంకుస్థాపన నాడు పసుపు కుంకుమలతో మొక్కిన నేల అది.

ఇంటి పెద్దావిడ నా వెనకే వచ్చింది. “మా పెద్దాడి ఉద్యోగం పోయింది కూడా దీనివల్లేనా నాయనా?”

ఈశాన్యం దోషం పెద్దకొడుకుకు తగులుతుందని ఆవిడకు ఎవరో చెప్పారు. ఆవిడ అడిగింది గోడ గురించి కాదు. మంచివాడికి కష్టం ఎందుకొస్తుందన్న ప్రశ్నకు ఇంజినీరింగులో జవాబు లేదు. ఉన్నట్టు నటించడం నాకు ఇష్టం లేదు. కర్మ మీద ఆవిడ నమ్మకాన్ని నేను కదపలేదు కూడా. కానీ మీమాంసకులది ఒక గట్టి నియమం ఉంది: కంటికి కనిపించే కారణం సరిపోతుంటే కనిపించని కారణాన్ని కల్పించకూడదు. యజ్ఞాల ఫలితాన్ని నమ్మి, దానికోసమే అంత శాస్త్రం రాసినవాళ్ళ మాట ఇది, నాస్తికులది కాదు. “పగులుకు కారణం ఆ గొట్టమమ్మా. మీవాడి ఉద్యోగానికీ దీనికీ ముడిపెట్టకండి,” అన్నాను. ఆవిడ ఒప్పుకుందో లేదో తెలీదు. గొట్టాన్ని మాత్రం ఆ వారంలోనే కాలవదాకా పొడిగించారు.

ఇంకో ఇంటి పడమటి గోడలో రావిమొక్క మొలిచింది. పీకితే పాపమని వదిలేశారు, వేళ్ళు రాళ్ళ సందుల్లోకి దిగాయి. రెండాకుల మీద ఉన్నప్పుడే వేళ్ళతో సహా తీసి గుడి ఆవరణలో పాతితే చెట్టూ బతికేది, గోడా మిగిలేది. చెట్టుకు దణ్ణం పెట్టేవాళ్ళకు దాని వేళ్ళు ఎటు పోతాయో పట్టకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

భయం ఒకసారి పట్టుకుంటే తేలిగ్గా వదలదు. గొట్టం సరిచేశాక కూడా “లోపల ఇంకేమైనా ఉందేమో” అంటారు. సంశయానికీ హద్దుండాలన్నాడు నైయాయికుడైన ఉదయనుడు. మన రోజువారీ నడవడికే అడ్డొచ్చేంత శంకను శంకగా లెక్కపెట్టనక్కర్లేదంటాడు. పునాది ఎలాంటిదోనని రాత్రంతా బెంగపడుతూ ఆ ఇంట్లోనే పడుకునేవాడి శంక అలాంటిదే. దాన్ని తేల్చడానికి పగులుకు అడ్డంగా సన్నటి గాజుపట్టీ అంటిస్తాను. పట్టీ విరిగితే కదలిక ఇంకా ఉన్నట్టు, అప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాల్సిందే. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచినా విరగకపోతే పగులు పూడ్చి సున్నం వేసుకోవచ్చు. ప్లాస్టరింగు మీద ఉండే వెంట్రుక గీతలకైతే ఇంత హడావిడి అక్కర్లేదు.

తొలకరికి ముందు ఒకసారి మీ ఇంటి చుట్టూ బయటినుంచి తిరిగి చూడండి. వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని మళ్ళీ తిరగండి, నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది. పగులు కనిపిస్తే దాని కొసన పెన్సిలుతో గీత గీసి తారీఖు వేయండి. శాంతి చేయించాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.