ఏడును రెండుతో భాగిస్తే

సత్యం ఒక్కటే, చెప్పే భాషలే వేరు. సర్వమత సమభావం గురించి మాట్లాడినప్పుడల్లా మనం ఆశ్రయించే వాదమిది. దీని వెనకున్న సద్భావన గొప్పది. కానీ ఇందులో ఒక తాత్త్విక ప్రతిపాదన దాగి ఉంది: అర్థం భాషతో పనిలేకుండా ముందే సిద్ధంగా ఉంటుందని, భాష దాన్ని మోసుకొస్తుందంతేనని. వాక్యపదీయం రాసిన భర్తృహరి దీన్ని ఒప్పుకోలేదు. మన ఎరుక అంతా శబ్దంతో పెనవేసుకునే ఉంటుందన్నాడు. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు మాత్రం ప్రత్యక్షానుభవానికి మాటలతో అల్లే కల్పన అంటదన్నాడు. ఈ పాత తగవును కళ్లారా చూసే చోటు ఒకటి మన కాలంలో ఏర్పడింది.

సూక్ష్మదర్శిని చిత్రాలను విశ్లేషించడానికి జీవశాస్త్రవేత్తలు వాడే ఫిజి అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక స్క్రిప్ట్ ఇంటర్‌ప్రెటర్ ఉంది. లైను టైప్ చేస్తే జవాబు వెంటనే వస్తుంది. విశేషమేమిటంటే, అక్కడ ప్రోగ్రామింగ్ భాషను మధ్యలోనే మార్చుకోవచ్చు. జైథాన్‌లో మొదలుపెట్టి చిన్న ఆదేశంతో గ్రూవీకో జావాస్క్రిప్ట్‌కో మారితే, అప్పటిదాకా పేరు పెట్టి దాచుకున్న విలువలు కూడా వెంట వస్తాయి. తెరిచిన కణచిత్రం వెడల్పు ఏ భాషలో అడిగినా ఒకటే సంఖ్య. ఇక్కడికి ఏకసత్యవాదిదే గెలుపు. ఇప్పుడు 7ను 2తో భాగించమనండి. జైథాన్ 3 అంటుంది, బీన్‌షెల్ కూడా 3 అంటుంది. గ్రూవీ, జావాస్క్రిప్ట్ 3.5 అంటాయి. క్లోజర్ అయితే 7/2 అనే భిన్నాన్నే విలువగా ఉంచుకుంటుంది. పోనీ జైథాన్, బీన్‌షెల్ అయినా ఒక మాట మీద ఉన్నాయనుకుంటే, -7 ఇచ్చి చూడండి. మొదటిది -4 అంటుంది, రెండోది -3. ఒకటి సంఖ్యారేఖ మీద కిందికి దిగుతుంది, మరొకటి సున్నా వైపు జరుగుతుంది. 7 దగ్గర కనబడిన ఏకాభిప్రాయం వెనక మొదటినుంచీ రెండు వేరు వేరు నియమాలున్నాయి.

ఇవన్నీ ఎవరో పెట్టుకున్న ఏర్పాట్లే కదా, తెలిసినవాడు ఏ భాషలోనైనా తనకు కావలసిన జవాబు రాబట్టుకోగలడు కదా అనవచ్చు. నిజమే, భాషలు తలుపులు మూసిన గదులు కావు. అయితే రాబట్టుకోవాలంటే తనకు కావలసింది పూర్ణాంకమా, దశాంశమా, భిన్నమా అన్నది అతను ముందు తేల్చుకోవాలి. అలా తేల్చుకోవాలన్న సంగతే ఒక్క భాషలో ఉండిపోయినవాడికి తట్టదు. ఇంకో ఆక్షేపణ బలమైనది: ఈ భాషలన్నీ అడుగున ఒకే జావా వేదిక మీద నడుస్తున్నాయి, అంటే భాషాతీతమైన ఆధారం ఉన్నట్టే కదా అని. ఆధారం ఉంది, కానీ అది భాషాతీతం కాదు. జావాకూ తన వ్యాకరణం ఉంది. చిత్రం వెడల్పు అందరికీ ఒకటే కావడానికి కారణం, వెడల్పు అంటే ఏమిటో అక్కడ ముందే ఎవరో నిర్వచించి పెట్టడం. ఏ రూపమూ లేని సత్యం అక్కడ ఎవరికీ ఎదురుపడలేదు.

ప్రతి నియమమూ రాసిపెట్టి ఉన్న కృత్రిమ భాషల సంగతే ఇది. దర్శనాల్లో ఇంతకన్నా లోతుగా జరుగుతుంది. అహంకారం పోవాలనే దగ్గర శంకరుడు, రామానుజుడు, బౌద్ధుడు ఒకే మాట చెబుతున్నట్టుంటారు. పోయాక మిగిలేదెవరని అడిగితే విడిపోతారు: శంకరుడికి జీవుడు బ్రహ్మమే, రామానుజుడికి జీవుడు భగవంతుడికి శేషభూతుడై, అంటే ఆయనకే చెందినవాడై, నిలిచే ఉంటాడు, బౌద్ధుడికి మొదటినుంచీ నిత్యమైన ఆత్మే లేదు. ముగ్గురిదీ ఒకటే మాట అంటే ముగ్గురినీ గౌరవించినట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి ముగ్గురిలో ఎవరినీ చివరిదాకా విననట్టే.

భేదాన్ని నొక్కిచెబితే వైరం పెరుగుతుందన్న భయం తీసిపారేయదగ్గది కాదు. చరిత్రలో అందుకు కావలసినంత ఆధారం ఉంది. కానీ భేదాన్ని ఒప్పుకున్నవాళ్లే ఎదుటివాణ్ణి శ్రద్ధగా చదివిన సందర్భాలూ ఉన్నాయి. ఎనిమిదో శతాబ్దంలో బౌద్ధ తాత్త్వికుడు శాంతరక్షితుడు తన తత్త్వసంగ్రహంలో మీమాంసకుడు కుమారిలుణ్ణి ఖండించే ముందు ఆయన శ్లోకాలను విస్తారంగా ఉదహరించాడు. కుమారిలుడి గ్రంథం బృహట్టీక ఆ తర్వాత కాలగర్భంలో కలిసిపోయింది. అందులోంచి ఇవాళ మనకు మిగిలినది చాలావరకు ఆ ప్రతివాది పుస్తకంలోనే దొరికింది.