పొదుగుకు కూర్చున్న పెట్ట

పెరట్లో పెట్ట పొదుగుకు కూర్చుందంటే, ఇంట్లో పుంజు ఉండి, గుడ్లు దాచి ఉంటే సంతోషం. లేకపోతే గుడ్లు ఆగిపోయాయన్న విసుగు. ఈ రెండో సందర్భంలో చాలామంది దాన్ని పట్టించుకోరు. దాని పాటికి అదే లేస్తుందిలే అనుకుంటారు. పెట్టకు మనం చేసే అన్యాయాల్లో పెద్దది ఇదేనని నా నమ్మకం. పొదిగించడమో మాన్పించడమో ఏదో ఒకటి తేల్చి చెయ్యాలి. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే ఆ నష్టమంతా దాని ఒంటిమీదే పడుతుంది.

ఎందుకంటే ఇది మొండితనం కాదు, శరీర స్థితి. గూట్లో చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. ఎత్తి చూస్తే పొట్ట కింద ఈకలు ఊడి, చర్మం వేడిగా, బోసిగా చేతికి తగులుతుంది. జుట్టు ఎరుపు తగ్గి పాలిపోతుంది. పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ ఎక్కువగా ఊరి, అండాశయం ముడుచుకుని, గుడ్లు ఆగుతాయి. ఆ బోసి పొట్టకు గూడు తగులుతున్నంత కాలం ఆ హార్మోన్ తగ్గదు. రోజుకోసారి లేచి నాలుగు గింజలు ఏరుకుని, నీళ్ళు తాగి, పెద్ద రెట్ట వేసి, మళ్ళీ పరుగున వచ్చి కూర్చుంటుంది. కింద పుంజు కలిసిన గుడ్లుంటే 21 రోజులకు పిల్లల కిచకిచలు వినిపిస్తాయి, పెట్ట గూడు దిగుతుంది. వట్టి గూట్లో ఆ పిలుపు ఎప్పటికీ రాదు. వారాల తరబడి కూర్చుని బరువు తగ్గుతుంది, పేలు పడతాయి.

ప్రకృతి నడిపించేదానిలో మనం వేలు పెట్టకూడదని కొందరంటారు. కానీ అడవిలో గూడు పాడైతే, పామో ముంగిసో గుడ్లు తింటే పొదుగు అక్కడితో తెగిపోయి పిట్ట మళ్ళీ గుడ్లకు వస్తుంది. పెరట్లో పిల్లి రాకుండా తలుపు వేసింది మనం, రోజూ గుడ్లు తీసింది మనం, పుంజును అమ్మింది మనం. సహజంగా ముగిసే దారులన్నీ మూసేసి, ఇప్పుడు ప్రకృతి మీద భారం వెయ్యడం ఏం న్యాయం?

మాన్పించడం అంటే శిక్షించడం అనుకునేవాళ్ళూ ఉన్నారు. నీళ్ళలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం, కాలికి తాడు కట్టి ఎండలో వదలడం పాత పద్ధతులు. పెద్దలు చేశారు, ఫలితం వచ్చింది కదా అంటారు. వచ్చిన మాట నిజమే. అయితే అది పెట్ట గూటికి దూరమై, పొట్ట చల్లబడినందువల్ల వచ్చింది. ముక్కులో గుచ్చిన ఈకతో ఒరిగింది నొప్పి ఒక్కటే. అడుగున గాలి ఆడే జాలీ పంజరాన్ని నేలకు ఎత్తుగా, గడ్డి లేకుండా, వెలుతురులో పెట్టి, పెట్టను అందులో ఉంచి, నీళ్ళూ గింజలూ ఇస్తే సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో అదే ఫలితం వస్తుంది.

అలాగని కూర్చున్న ప్రతి పెట్టనూ లేపెయ్యాలా? గుడ్ల లెక్క ఒక్కటే చూస్తే లేపాలి. నాటుపెట్ట ఏడాదికి పెట్టే యాభై అరవై గుడ్ల మధ్య పొదుగుకూ పిల్లల పెంపకానికీ నెలలు పోతాయి. లెగ్‌హార్న్ జాతిలో ఎంపిక చేసి చేసి ఈ గుణాన్ని దాదాపు తుడిచేశారు కాబట్టే ఏడాదికి 300 గుడ్ల దాకా వస్తున్నాయి. కానీ దాని పిల్లకు తల్లి ఇంక్యుబేటరే, వెచ్చదనం బల్బే. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన డైరెక్టరేట్ నుంచి వచ్చిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళూ పెద్దగా పొదగవు కాబట్టి మళ్ళీ పిల్లల కోసం హేచరీకి వెళ్ళాల్సిందే. నాటుపెట్ట మాత్రం గుడ్లను తిప్పుతుంది, వేడి చూసుకుంటుంది, పిల్లలను రెక్కల కింద దాస్తుంది. గద్ద నీడ పడితే అరుస్తుంది, కాళ్ళతో మట్టి గీకి పురుగును చూపిస్తుంది. ఈ పనంతటికీ కరెంటు బిల్లు లేదు. గుడ్ల సంఖ్యలో కనిపించదు గనుక దీన్ని నష్టం కింద రాస్తున్నాం. పదీ పన్నెండు తాజా గుడ్లు, గద్దలూ కాకుల నుంచి కాపు ఉన్న చోటు, మరీ మండని కాలం ఉంటే పొదిగించడమే మేలంటాను. వారం తిరిగాక చీకట్లో టార్చి ముందు గుడ్డు పట్టి చూసి, రక్తనాళాలు కనిపించని గుడ్లు తీసెయ్యాలి. ఇవేవీ కుదరని ఇంట్లో మాన్పించాల్సిందే. అదీ కూర్చున్న రెండు మూడు రోజుల్లోనే మొదలుపెట్టాలి. ఆలస్యమైన కొద్దీ ఆ పెట్ట జాలీ మీద గడపాల్సిన రోజులు పెరుగుతాయి.