నొప్పికి సాక్ష్యం కావాలా?



"స్కానింగులో ఏమీ లేదట. ఇంకెక్కడి నొప్పి?" ఈ మాట మన ఇళ్ళలో తరచుగా వినబడుతుంది. అనేవారు చెడ్డవారేమీ కారు. యంత్రం అబద్ధమాడదని నమ్మినవారు. అయినా ఆ మాట వెనుక ఒక నైతిక ప్రశ్న ఉంది. ఒకరి బాధను నమ్మడానికి మనకు ఫోటో కావాలా?

ముఖానికి వచ్చే ఒక నరాల జబ్బునే తీసుకుందాం. వైద్యులు దీనిని ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. మెదడు నుండి బయలుదేరే అయిదవ నరం మూడు పాయలుగా చీలి నుదుటికి, చెంపకు, దవడకు స్పర్శను ఇస్తుంది. ఈ జబ్బులో కరెంటు షాకు వంటి నొప్పి ముఖంలో ఒక పక్క క్షణాలపాటు కొట్టి పోతుంది. పళ్ళు తోముకున్నా, ముద్ద నమిలినా, చల్లగాలి సోకినా చాలు. ఏభై దాటినవారిలో, అందునా స్త్రీలలో ఇది ఎక్కువ. ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆంద్రే 1756లోనే దీనిని వర్ణించాడు. పంటి నొప్పి అనుకొని మంచి పళ్ళు పీకించుకొన్నవారు ఎందరో!

ఇక్కడ ఎం.ఆర్.ఐ. స్కానింగు చేసే మేలు చిన్నది కాదు. కణితి ఉందేమో, మెదడులో మరో నరాల వ్యాధి ఉందేమో అది తెలుపుతుంది. రక్తనాళం ఏదైనా నరాన్ని నొక్కుతున్నదేమో చూపుతుంది. 1960లలో అమెరికా వైద్యుడు పీటర్ జానెట్టా అటువంటి రక్తనాళాన్ని పక్కకు జరిపి నరాన్ని కాపాడే ఆపరేషన్‌కు రూపమిచ్చాడు. నేడు ఆ ఆపరేషన్‌కు స్కానింగు చిత్రమే దారి చూపుతుంది.

అయితే ఏ నొప్పీ లేనివారిలో కూడా రక్తనాళం ఆ నరాన్ని తాకుతూ కనిపించవచ్చు. నొప్పితో విలవిలలాడేవారిలో ఏమీ కనిపించకపోవచ్చు. కనుకనే నేటికీ ఈ రోగ నిర్ధారణకు మొదటి ఆధారం రోగి చెప్పే మాటే.

ఎందుకిలా? కారణం వేరు, అనుభవం వేరు. ఖాళీ కుండను కంటితో చూడగలం, ఆకలిని చూడగలమా? చిత్రం కారణాన్ని చూపగలదు. నొప్పి మాత్రం పడేవారికే తెలుస్తుంది.

"మరి నటించేవారు లేరా?" అని మీరు అడగవచ్చు. ఉన్నారు. కాని రెండు పొరపాట్లనూ తూకం వేయండి. నటించేవానిని నమ్మితే మనకు కొంత శ్రమ, కొంత డబ్బు నష్టం. నిజంగా బాధపడేవారిని నమ్మకపోతే వారి నొప్పికి అవమానం కూడా తోడవుతుంది. మెదడు చిత్రాలను నొప్పి విషయంలో అబద్ధాలు పట్టే యంత్రంగా వాడరాదని 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నియమించిన నిపుణులు హెచ్చరించారు. నొప్పిగా ఉందని ఒక మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని 2020లో ఆ సంఘమే స్పష్టం చేసింది.

నమ్మడమంటే అడిగినదల్లా చేయడం కాదు. రోగి తన నొప్పికి సాక్షి, దాని కారణానికి కాదు. "ఈ పన్ను పీకండి" అని బతిమాలినా, పన్ను బాగుందని గ్రహించి పీకకుండా నరాల వైద్యుని వద్దకు పంపే డాక్టరు రోగిని అవమానించడం లేదు. ఆయన నొప్పిని నమ్మాడు, కారణాన్ని వెదుకుతున్నాడు. నమ్మకానికీ పరీక్షకూ వైరం లేదు.

కనుక రిపోర్టు "నార్మల్" అని వచ్చిననాడు మనం తెలుసుకోవలసినది ఇంతే: చిత్రంలో కణితి కనబడలేదు. అది సంతోషమే. నొప్పి లేదని మాత్రం ఆ కాగితం చెప్పలేదు. చిత్రంలో ఏమీ కనిపించకపోయినా ఈ జబ్బుకు మందులున్నాయి, చాలామందికి అవి పని చేస్తాయి. అందుచేత మళ్ళీ డాక్టరు వద్దకు తీసుకువెళ్ళండి. నొప్పి ఎప్పుడు, ఎక్కడ, దేనివల్ల వస్తున్నదో ఆమెనే చెప్పనివ్వండి. ఈలోగా అన్నం కాస్త మెత్తగా వండి పెట్టండి, ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా చూడండి. తనదాకా వస్తేగాని తెలియదని మన పెద్దలు అన్నారు. మనదాకా రాకముందే ఎదుటివారి మాటను నమ్మగలగడం మన చేతిలోని పని.